చెయ్యి కదపరాదు

గుండేరు పొంగి మునిసిపాలిటీ బీరువాల్లో చేపపిల్లలు ఈదిన వరద ఉందే, అది వచ్చిపోయిన నాలుగో ఏడు. కార్తీకమాసం. పల్లమూరులో పెళ్ళిళ్ళూ పుట్టుకలూ ఇప్పటికీ ఆ వరదకి ముందూ వెనకా అనే చెప్పుకుంటారు. తేదీలు రాసిన పుస్తకాలన్నీ ఆ నీళ్ళలోనే నాని ముద్దయిపోయాయి మరి.

ఆ ముద్దని ఎండబెట్టారు. పొరలు విడదీశారు. చదవలేకపోయారు. ఆఖరికి పాలకవర్గం ఒక తీర్మానం చేసింది: కాగితం తడుస్తుంది కాబట్టి, ఇకమీదట తడవని దాని మీదే పాలన సాగాలి. తడవనిది ఏదని వెతికితే స్మార్ట్ వాచీ దొరికింది. కమిషనర్ విరూపాక్షం గారు దాన్ని అందరి ముందూ బకెట్లో ముంచి తీశారు. అది బతికే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. చెత్త ఎత్తేవాళ్ళకీ, వీధులు ఊడ్చేవాళ్ళకీ తలా ఒకటి ఎడం చేతికి కట్టారు. ఆఫీసర్లకి కట్టలేదు. వాళ్ళకి చూసుకోడానికి గోడమీద పెద్ద తెర పెట్టారు.

చెత్త తీసుకున్నాక ఇంటివాళ్ళు వాచీ అద్దం మీద వేలు పెట్టాలి. పెడితే తెరమీద ఆ ఇల్లు ఆకుపచ్చగా మారుతుంది. పెట్టకపోతే ఎర్రగా ఉంటుంది.

"మనిషి వచ్చాడా లేదా అన్నది మనిషిని చూసి చెప్పే అనాగరిక విధానానికి నేటితో స్వస్తి పలుకుచున్నాము," అన్నారు కమిషనర్ గారు.

పాతబజారు వీధిలో చెత్తబండి తోసే దాలయ్యకీ ఒక వాచీ కట్టారు. దాలయ్యకి వాచీతో పేచీ లేదు. అతని పేచీ మోకాళ్ళతో. లేచినా కూచున్నా లోపల ఇసుక పోసినట్టు కరకరమనేవి. అతని పెళ్ళాం అసిరమ్మ రోజూ ఆముదం కాచి పట్టేది. ఆముదం ఇంకేది గానీ నొప్పి ఇంకేది కాదు.

అలాంటి సమయంలో పార్కులో మొక్కలకి నీళ్ళు పోసే ముసలాయన పని మానేశాడు. పార్కు పనంటే పని కాదు. కుళాయి ఉంది. గొట్టం ఉంది. నీడ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, బెంచీ ఉంది. దాలయ్య ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడిగినవాడు కాదు. ఆరోజు మాత్రం శానిటరీ ఇన్‌స్పెక్టర్ జగ్గారావు గారి ముందు నిలబడి, తలగుడ్డ విప్పి, "పార్కు పని నాకిప్పించండి బావూ," అన్నాడు.

జగ్గారావు గారు చాలాసేపు ఆలోచిస్తున్నట్టు పైకి చూశారు.

"ఇస్తాం. కానీ కార్తీకం వెళ్ళేదాకా తెరమీద నీ వీధి ఆకుపచ్చగా ఉండాలి. ఒక్క ఇల్లు ఎర్రగా మిగిలినా ఆ పని కమిషనర్ గారి డ్రైవరు బావమరిదికి పోతుంది. అతను ఇప్పటికే వచ్చి బెంచీ మీద కూచుని చూసుకున్నాడు."

"ఎలాగుందన్నాడు బావూ?"

"వెనక్కి ఆనుకోడానికి బావుందన్నాడు."

ఆ మాట విన్నాక దాలయ్యకి నిద్ర పట్టలేదు. అసిరమ్మ మాత్రం పార్కుకి మధ్యాన్నం కేరేజీ తానే పట్టుకెళతానని అప్పుడే వాడంతా చెప్పేసింది.

మూడో సోమవారం నాడు పొద్దున్నే వాచీ దోమ కుట్టినట్టు చేతిమీద గుయ్‌మంది. అదే వీధి ఊడ్చే పైడమ్మ వాచీ కూడా గుయ్‌మంది. అద్దం మీద రాత వచ్చింది: "కొత్త రూపం సిద్ధంగా ఉంది. సరేనా?" దాని కింద ఒకటే మీట. దానిమీద "సరే" అని ఉంది.

"ఏటి దాలన్నా ఇది?" అంది పైడమ్మ.

"సరేనా అంతంది."

"కాదంతే ఏటవుద్ది?"

"కాదనడానికి నేదు."

ఇద్దరూ నొక్కారు. అద్దం మీద ఒక చక్రం తిరగడం మొదలెట్టింది. దాని కింద "నూటికి ఒకటి" అని ఉంది. వీధి చివరికి వచ్చేసరికి కూడా ఒకటే. మర్నాటికి రెండయింది. ఆ మర్నాడు మళ్ళీ ఒకటయింది.

"ఇది ఎనక్కి నడుత్తందేటి?" అంది పైడమ్మ. "మా ఆయన లాగ."

చక్రం దారి చక్రానిది, బండి దారి బండిది. దాలయ్య ఆ వారమంతా ఎప్పటిలాగే చెత్త ఎత్తాడు. ఇంటివాళ్ళు ఎప్పటిలాగే వేలు పెట్టారు. చక్రం తిరుగుతున్న అద్దం ఏ వేలునీ లెక్కచెయ్యలేదు. ఆ సంగతి ఎవరికీ తెలీలేదు.

శనివారం నాడు కమిషనర్ గారు తెర చూశారు. కుంకుమ భరిణె బోర్లాపడ్డట్టు ఊరంతా ఎర్రగా ఉంది. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. వీధి అద్దంలా ఉంది. మళ్ళీ తెర చూశారు. ఎర్రగా ఉంది. ఆయన లేచి వెళ్ళి కిటికీ మూసేశారు.

"జగ్గారావ్! ఊరు కంపు కొట్టుచున్నది!"

"ఎక్కడండీ?"

"తెరమీద!"

వాచీల కంపెనీకి ఫోను చేశారు. అవతల ఒక తియ్యని గొంతు, నవీకరణ సాగుతోందనీ, ఓర్పుకి ధన్యవాదాలనీ చెప్పింది. ఎందుకింత నెమ్మదని అడిగితే, మనుషులు చేతులు ఊపుతున్నారనీ, చెయ్యి కదిలినప్పుడల్లా వాచీ మొదటికి వస్తుందనీ అంది. వాచీ చేతికే ఉండాలి, ఎందుకంటే నాడి తగలాలి. కరెంటు తీగ పెట్టే ఉంచాలి. సెల్ టవరు వైపు చెయ్యి ఎత్తి పట్టుకుంటే మరీ మంచిది.

కమిషనర్ గారు ఫోను పెట్టేసి, అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పి రాయించారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నవీకరణలో ఉన్న ఉద్యోగి చెయ్యి కదపరాదు. కదపమని ఎవరూ ఆజ్ఞాపించరాదు. ఈ ఉత్తర్వు మార్చుటకు నాకు కూడా అధికారము లేదు."

ఆఖరి వాక్యం ఆయనకి చాలా నచ్చింది. రెండుసార్లు చదివించుకుని విన్నారు.

ఆదివారం నుంచి చెత్త సిబ్బంది అంతా కౌన్సిల్ హాల్లో కూచున్నారు. టవరు ఉత్తరాన ఉందని అందరూ ఉత్తరానికి తిరిగి, ఎడం చెయ్యి పైకెత్తి, మణికట్టు నుంచి గోడదాకా తీగలు వేలాడుతూ, మాటా పలుకూ లేకుండా ఉన్నారు. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ ఒకామె తలుపు దగ్గర నిలబడి చూసి, అందరూ దీవిస్తున్నారనుకుని వంగి దణ్ణం పెట్టింది. తల ఎత్తి మళ్ళీ చూసి, "ఎడం సేత్తో దీవిత్తారేటర్రా, బుద్ధి నేదూ?" అని తిట్టి పోయింది.

మధ్యాన్నం వేళ పైడమ్మ మెల్లిగా నోరు విప్పింది.

"బావూ, ఈపు దురదెడతంది. రెండో సేత్తో గోక్కోవచ్చా?"

జగ్గారావు గారు కమిషనర్ గారి దగ్గరికి పరిగెత్తారు. కమిషనర్ గారు కంపెనీని అడిగారు. కంపెనీ లోపలెవరినో అడిగింది. జవాబొచ్చేదాకా పైడమ్మ కళ్ళు మూసుకుని కూచుంది.

"గోకుట కూడా కదలికయే," అని తేల్చారు కమిషనర్ గారు. "ఒక చెయ్యి గోకినచో ఒళ్ళంతా కదులును. కావున వాచీ లేని వారు గోకవలెను."

వాచీ లేనివాళ్ళు ఎవరంటే పన్నుల విభాగం గుమాస్తాలు. వాళ్ళకి గోకుడు డ్యూటీ వేశారు. ఇంటిపన్ను కట్టడానికి వచ్చినవాళ్ళని, సార్లు వీపుల మీద ఉన్నారు, రేపు రమ్మని బంట్రోతు పంపేసేవాడు. పైడమ్మకి గుమాస్తా అప్పారాయుడు పడ్డాడు.

"ఇంకాస్త పైకి బావూ. ఎడం పక్కకి. ఆఁ... మా నాయినే! పన్ను లెక్కల్లో గూడ ఇంత ఇదిగా ఉంతే ఎప్పుడో ఆపీసరయిపోదువు."

దాలయ్యకి దురద లేదు. మోకాళ్ళు చాపుకుని కూచున్నాడు. పెద్ద హాలు, పెద్ద కొలువు, కుర్చీ, ఫ్యాను. నొప్పి తెలీడం లేదు. కదపక్కర్లేని చెయ్యి ఎంత సుఖమో అతనికి మొదటిసారి తెలిసింది. ఆ సుఖంలో కూడా మనసు మాత్రం తెరమీదే ఉంది. పాతబజారు వీధి ఇంకా ఎర్రగానే ఉంది. నెల అయిపోవస్తోంది.

ఈలోగా చెత్త ఎత్తే దిక్కులేక వీధులు నిజంగానే కంపు కొట్టాయి. కమిషనర్ గారు కిటికీ తెరిచి చూసి, హాయిగా ఊపిరి వదిలారు.

"ఇప్పుడు ఊరూ తెరా ఒక్క మాట మీదికి వచ్చినవి."

బుధవారం నాటికి చక్రం ఆగింది. అన్ని వాచీలూ ఒక్కసారి గుయ్‌మన్నాయి. కొత్త రూపంలో కొత్తేమిటని అందరూ తిప్పి తిప్పి చూసుకున్నారు. ఏమీ కనపడలేదు. కంపెనీని అడిగితే, ప్రజల కోరిక మేరకు "సరే" పక్కన "తర్వాత" అని ఇంకో మీట చేర్చామని గర్వంగా చెప్పింది.

సిబ్బంది రెండ్రోజుల్లో వీధులు బాగుచేశారు. అవి ఆకుపచ్చయ్యాయి. కానీ దానికి ముందు వారం, చక్రం తిరుగుతుండగా ఎత్తిన చెత్త మాత్రం తెరమీద ఎర్రగానే ఉంది. పైగా నిర్మల పట్టణ పతకానికి పెద్దలు రాజధానిలో కూచుని ఆ తెరే చూస్తారట. మీటింగు పెట్టారు.

"ఆ చెత్త ఎత్తేశామండీ," అన్నారు జగ్గారావు గారు. "యార్డులో ఉంది. కంప్యూటర్లో సరిదిద్దమందాం."

"పాత రూపముతో చేసిన పని పని కాదు జగ్గారావ్. ఆ చెత్త చట్టప్రకారము ఇంకను ఇళ్ళలోనే ఉన్నది. ఇక సరిదిద్దుట అంటారా? కంప్యూటరు రాజధానిలో ఉన్నది. ఊరు మన చేతిలో ఉన్నది. చేతిలో ఉన్నదానినే సరిదిద్దెదము."

"అంటే?"

"చెత్తను ఇళ్ళకు తిరిగి ఇచ్చివేయుడు. ఇచ్చి, మరల తీసుకొనుడు."

దానికి వ్యర్థ పునఃస్థాపన అని పేరు పెట్టారు. మర్నాడే ప్రారంభోత్సవం. యార్డులోంచి తెచ్చిన చెత్తబండికి మామిడాకులు కట్టారు. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించి, బండి ముందు కొబ్బరికాయ కొట్టారు. రిబ్బనూ చిప్పపీచూ బండిలోనే పడేశారు. ముక్కు మూసుకునే ఉపన్యసించారు కాబట్టి ఆయన ఏమన్నదీ ఎవరికీ బోధపడలేదు.

ఏ సంచి ఎవరిదో యార్డులో రాసిపెట్టలేదు. వీధి ప్రకారం తెచ్చి, చూడ్డానికి సమానంగా పంచమన్నారు. ఆ సమానం దగ్గరే గొడవ మొదలైంది.

"పక్కింటోళ్ళకి నాలుగు సంచులూ మాకు రెండా?" అంటూ ఒకావిడ వీధిలోకొచ్చేసింది. "మేం మాత్రం పన్ను కట్టడం లేదా? మాకేం తక్కువ?"

"అమ్మా, మల్లీ ఇచ్చీడమే గదా," అన్నాడు దాలయ్య.

"ఇస్తాం, ఇవ్వం, అది మా ఇష్టం. ముందు మా వాటా మాకు పడాలి!"

వార్డు మెంబరు వచ్చి, తన వార్డుకి చిన్నచూపు జరుగుతోందనీ, ఎదురు వార్డుకి మేలురకం చెత్త వెళ్ళిందనీ రోడ్డుకి అడ్డంగా కూచున్నాడు. అతనికి రెండు సంచులు ఎక్కువిచ్చి లేపారు. పోయిన స్టీలు గరిటె దొరికిందని ఒక ముసలావిడ పైడమ్మని దీవించింది. కుడి చేత్తోనే.

సాయంత్రానికి పాతబజారులో ఒక్క ఇల్లు తప్ప అన్నీ ఆకుపచ్చ అయ్యాయి. ఆ ఒక్కటీ గుడ్డల కొట్టు సత్యలింగం గారిది. ఆయన కార్తీక వ్రత సంఘం అధ్యక్షులు. నెల్లాళ్ళూ నీచు కాదు గదా, ఉల్లిపాయ తొక్క కూడా ఇంట్లోకి రానివ్వనని కోవెల మైకులో చెప్పిన మనిషి. దాలయ్య ఆయన గుమ్మం ముందు పచ్చ సంచి ఒకటి దింపాడు. దింపడంలో అది చిరిగి, కోడి ఎముకలు కొన్ని మెట్టు మీదికి దొర్లాయి.

వీధి అంతా అరుగుల మీదికి వచ్చేసింది.

"శివ శివా!" అన్నారు సత్యలింగం గారు. పది రోజులుగా ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నారు, జలుబని. "తీహెయ్! తీహెయ్! అది మాది కాదు!"

"సంచి మీద మీ కొట్టు పేరుంది బావూ."

"ఊరంతా నా హంచులేనోయ్! నా కొట్లో గుడ్డలు కొననిదెవరు?"

అది నిజమే. దాలయ్య వాచీ ఉన్న చెయ్యి చాపాడు.

"పోనీ ఏలు పెట్టీండి బావూ. మల్లీ అట్టుకెల్లిపోతాను."

"వేలు పెడితే నాదని ఒప్పుకున్నట్టే గదా! పెట్టను! ప్రాణం పోయినా పెట్టను!"

దాలయ్యకి మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ వాడేశాడు. ఇన్నాళ్ళ ఆకుపచ్చా ఈ గుమ్మం దగ్గర ఎర్రబడి, బెంచీ మీద డ్రైవరు బావమరిది వెనక్కి ఆనుకుంటున్నట్టు కళ్ళకి కట్టింది. అక్కడే మెట్టు మీద చతికిలపడ్డాడు.

"బావూ, నా మోకాళ్ళు పోనాయి. ఇంక బండి తొయ్యలేను. మీ ఏలు ఒక్కటీ నాకు పార్కు," అన్నాడు. అతను పుట్టాక అంత పొడుగు మాట మాట్లాడ్డం అదే మొదలు.

సత్యలింగం గారు మొహం తిప్పుకున్నారు. అప్పుడే లోపల్నుంచి ఆయన భార్య మాణిక్యాంబ గారు బయటికొచ్చి, సంచి వైపు చూసి, ఒక్క గెంతు గెంతారు.

"ఏవండీ! మీ పళ్ళు!"

కోడికాలు ఎముకని గట్టిగా కరిచిపట్టుకుని, పై వరస పళ్ళసెట్టు మెట్టు మీద నవ్వుతోంది.

"అయ్యో, ఇల్లంతా వెతికాం కదండీ! ఆ పనిమనిషిని అనవసరంగా అనుమానించారు. అవునూ, ఎముకని పట్టుకుందేమిటి? కొట్లో లెక్కలు చూసుకుంటూ పెసరట్టు తిన్నానన్నారూ?"

ఎదురరుగు మీద ఎవరో దగ్గారు. దగ్గు కాదని అందరికీ తెలుసు.

సత్యలింగం గారు తువ్వాలు తీసేశారు. ఇంక దాచుకోడానికి ఏమీ లేదు. చూపుడు వేలు చాపి, వాచీ మీద పెట్టారు. పాతబజారు వీధి మొత్తం ఆకుపచ్చ అయింది.

"దాలయ్యా," అన్నారాయన గొంతు తగ్గించి, "ఈ హంగతి..."

"నాకేటి తెలుసు బావూ. నాకన్నీ సెత్తే," అన్నాడు దాలయ్య. పళ్ళసెట్టుని ఎముక నుంచి విడదీసి ఆయన చేతిలో పెట్టి, సంచి బండిలో వేసుకున్నాడు.

మర్నాటికి పల్లమూరు పేరు మారుమోగింది. రాజధానిలో తెర చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారట. ఊళ్ళో ఉన్నదాని కంటే ఎక్కువ చెత్త ఎత్తిన పట్టణం ఇదొక్కటేనని పతకం ప్రకటించారు. పతకం ఇచ్చే పెద్దలు రేపు పొద్దున్న పదింటికి వస్తారు, ఫొటో మునిసిపల్ పార్కులో. దాలయ్యకి పార్కు ఉత్తర్వు కూడా ఆ సాయంత్రమే చేతికొచ్చింది. అసిరమ్మ కేరేజీ గిన్నెలు చింతపండు పెట్టి తోమింది.

ఒక్క చిక్కు మిగిలింది. ఎన్ని ఇళ్ళు తిప్పినా మాది కాదంటే మాది కాదన్న సంచులు ఒక గుట్ట ఉన్నాయి. వాటిని యార్డుకి పంపడానికి లేదు, అవి తెరమీద ఇళ్ళు దాటి రాలేదు. ఇళ్ళలో పెట్టడానికి లేదు, ఇళ్ళన్నీ ఆకుపచ్చ అయిపోయాయి. కమిషనర్ గారు ఆలోచించి, తాత్కాలికంగా ఏ రంగూ లేని చోట పెట్టమన్నారు. ఊళ్ళో తెరకెక్కని చోటు పార్కు ఒక్కటే. రేపు దాలయ్య ఎలాగూ వస్తాడు, తీస్తాడులే అనుకున్నారు.

తెల్లారి దాలయ్య పార్కుకి వెళ్ళాడు. నందివర్ధనం మొక్కల మీద, కుళాయి మీద, దారి మీద సంచులు. నయం, బెంచీ మీద పెట్టలేదు. అతను చుట్టూ ఒకసారి చూశాడు. మోకాళ్ళు ఒకసారి తడుముకున్నాడు. వాచీ గుయ్‌మంది.

"కొత్త రూపం సిద్ధంగా ఉంది. సరేనా?"

ఇప్పుడు మీటలు రెండు. "సరే", "తర్వాత". ఊళ్ళో ఉన్న వాచీలన్నీ ఆ వేళప్పుడే గుయ్‌మన్నాయి. అందరూ "తర్వాత" నొక్కి బండ్లు తోసుకుపోయారు. దాలయ్య "సరే" నొక్కాడు. వెళ్ళి బెంచీ మీద కూచున్నాడు. లైటు స్తంభానికున్న ప్లగ్గులో తీగ పెట్టుకున్నాడు. ఉత్తరానికి తిరిగి ఎడం చెయ్యి పైకెత్తి, కాళ్ళు బారచాపి, వెనక్కి ఆనుకున్నాడు. డ్రైవరు బావమరిది చెప్పింది నిజమే. బావుంది.

తొమ్మిదిన్నరకి జగ్గారావు గారు, వెనకే పూలదండతో కమిషనర్ గారు వచ్చారు.

"దాలయ్యా! ఈ గుట్టేమిటి? లేవరా! పెద్దలొచ్చేస్తున్నారు!"

"నవీకరణలో ఉన్నాను బావూ."

జగ్గారావు గారు తిట్టబోయి, కమిషనర్ గారి వైపు చూశారు. కమిషనర్ గారు ఉత్తర్వు ఉపసంహరించబోయి, ఆఖరి వాక్యం గుర్తొచ్చి ఆగిపోయారు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఇద్దరి చేతులకీ వాచీల్లేవు.

కమిషనర్ గారు పూలదండ చెట్టుకి తగిలించి, చొక్కా చేతులు మడిచారు. మొదటి సంచి ఎత్తితే అడుగు ఊడిపోయింది.

"కింద సెయ్యేసి ఎత్తాల బావూ," అన్నాడు దాలయ్య.

ఇద్దరూ నాలుగు సంచులు మోసేసరికి వగర్చుకుంటూ నిలబడ్డారు. "ఎంతయిందోయ్?" అన్నారు కమిషనర్ గారు, చెమట తుడుచుకుంటూ.

దాలయ్య చెయ్యి కదపకుండా, తల మాత్రమే జాగ్రత్తగా పైకెత్తి అద్దం చూశాడు.

"నూటికి రెండయ్యింది బావూ," అన్నాడు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ చూశాడు. "నేదు, ఒకటే."